ప్రొఫైల్ 0.5 ఇచ్చారు, మా రిపోర్ట్‌లో 0.31, కస్టమర్ రిపోర్ట్‌లో 0.52. అదే పీసు, ఇదెలా?

బాలానగర్_వీఎంసీ:

అందరికీ నమస్తే. నేను బాలానగర్‌లో ఒక చిన్న జాబ్‌షాప్‌లో చేస్తున్నా, మొత్తం ఎనిమిది మందిమే, ప్రోగ్రామింగ్, సెట్టింగ్, క్వాలిటీ పేపర్లు అన్నీ నా మీదే పడతాయి. డిప్లొమాలో నేర్చుకున్న డ్రాయింగ్ అంతా ప్లస్ ఆర్ మైనస్ వరకే, జీడీ అండ్ టీలో (ఆకారం, చోటులో ఎంత తేడా ఒప్పుకుంటారో గుర్తులతో చెప్పే పద్ధతి) ఫ్లాట్‌నెస్, పొజిషన్ దాకా ఎలాగో నేర్చుకుని నెట్టుకొస్తున్నా కానీ ఈ ప్రొఫైల్ దగ్గర ఆగిపోయా.

జాబ్ ఏంటంటే 12 మిల్లీమీటర్ల 6061 అల్యూమినియం ప్లేట్‌లో ఒక బ్రాకెట్. సుమారు 140 బై 90 ఉంటది, బయటి ఆకారం అంతా ఆర్కులు, వాటిని కలిపే టాంజెంట్ లైన్లు. ఆ బయటి ఆకారానికి ఒక ఆరో పెట్టి, ఆరో మడత దగ్గర చిన్న సున్నా చుట్టి, ప్రొఫైల్ ఆఫ్ ఏ సర్ఫేస్ 0.5 (ఉపరితలం అసలు ఆకారం నుంచి ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు), పక్కన డేటమ్స్, అంటే కొలతకి ఆధారంగా పట్టుకోవాల్సినవి, ఏ, బీ, సీ అని ఇచ్చారు. ఏ అంటే కింది ఫేసు, బీ అంటే ఎడమ చివర 8 హెచ్7 డొవెల్ హోలు, సీ అంటే కుడి చివర స్లాటు. రేడియస్‌లు, సెంటర్ దూరాలు అన్నీ బాక్సులో ఉన్నాయి, వాటికి టాలరెన్స్ ఏమీ లేదు.

40 పీసులు చేశాం. మా దగ్గర సీఎంఎం (పీసు మీద పాయింట్లు తాకి కొలిచే మెషీన్) లేదు, బయట ల్యాబ్‌లో మూడు పీసులు చెక్ చేయిస్తే మొదటి దానికి ప్రొఫైల్ 0.31 వచ్చింది, మిగతా రెండూ అటూ ఇటూగా అంతే. 0.5 కంటే తక్కువే కదా అని ఓకే రాసి పంపించేశాం. కస్టమర్ వాళ్ళు అదే మొదటి పీసు (మేం నంబర్ పంచ్ చేసి పంపాం కాబట్టి అదే అని గ్యారంటీ) వాళ్ళ సీఎంఎం మీద పెట్టి 0.52 అని రిజెక్ట్ కొట్టారు. లాట్ మొత్తం హోల్డ్‌లో ఉంది. అనోడైజింగ్ (అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వేయడం) ఇంకా చేయలేదు, అదొక్కటే నయం.

ఒకే పీసు రెండు మెషీన్లలో పాయింట్ టూ తేడా ఎలా వస్తది? ఏదో ఒక సీఎంఎం కాలిబ్రేషన్ పోయిందని మా ఓనర్ అంటున్నాడు, కస్టమర్‌తో గొడవ పెట్టుకుందామంటున్నాడు. నాకు మాత్రం మనమే ఏదో మిస్ అవుతున్నాం అనిపిస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సర్ఫేస్‌ప్లేట్:

తమ్ముడూ ముందు గొడవ ఆపమను. రెండు మెషీన్లూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు. రిపోర్టులో ప్రొఫైల్ అనే ఒక్క నంబర్ కాకుండా మాక్స్, మిన్ అని రెండు కాలమ్స్ ఉంటాయి చూడు, అవి ఇక్కడ పెట్టు. పాయింట్ వారీగా డీవియేషన్ ఉంటే ఇంకా మంచిది, ఏ వైపు ప్లస్, ఏ వైపు మైనస్ అని. అలాగే టైటిల్ బ్లాక్‌లో ఏ స్టాండర్డ్ అని రాసుందో చూసి చెప్పు, అది తెలియకుండా ఈ సింబల్ గురించి మాట్లాడుకోవడం దండగ.

బాలానగర్_వీఎంసీ:

థాంక్యూ అన్నా. ల్యాబ్ రిపోర్ట్ రెండో పేజీలో ఉంది, నేను ఆ పేజీ చూడనే లేదు. మాక్స్ +0.26, మిన్ -0.05. ఎడమ చివర, అంటే డొవెల్ హోలు ఉన్న వైపు +0.26. కుడి చివర స్లాటు వైపు -0.05. పై అంచు +0.12, కింది అంచు +0.09. మధ్యలో ఆర్కుల మీద ఈ నాలుగింటి మధ్యలో ఏవో ఉన్నాయి. ఇంకా ఆశ్చర్యం ఏంటంటే కస్టమర్ రిపోర్ట్‌లో కూడా మాక్స్ +0.26, మిన్ -0.05 అనే ఉంది! టైటిల్ బ్లాక్‌లో ఏఎస్ఎంఈ వై14.5-2009 అని ఉంది, అమెరికా వాళ్ళ డ్రాయింగ్ స్టాండర్డ్.

సర్ఫేస్‌ప్లేట్:

అనుకున్నదే. +0.26 నుంచి -0.05 దాకా మొత్తం వెడల్పు ఎంత? 0.31. మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఆ వెడల్పు రాసింది. కస్టమర్ సాఫ్ట్‌వేర్ ఏం చేసిందంటే అన్నిటికంటే ఎక్కువ దూరం పోయిన పాయింట్ పట్టుకుని, అది 0.26, దాన్ని రెండింతలు చేసింది, 0.52. కొలత ఒకటే, రాసిన పద్ధతి వేరు. కస్టమర్‌ది కరెక్టు. ఏఎస్ఎంఈ వాళ్ళు ఈ లెక్కల కోసం వై14.5.1 అని వేరే స్టాండర్డ్ పెట్టారు, 2019 ఎడిషన్‌లో ఇలా రెండు వైపులా సమానంగా ఉన్న జోన్‌కి (ఉపరితలం ఉండాల్సిన హద్దుల మధ్య చోటుకి) ఎక్కువ డీవియేషన్‌కి రెండింతలే రాయాలని ఉంది.

ఎందుకు రెండింతలు అంటే, ప్రొఫైల్ 0.5 అని ఊరికే రాసి ఇంకే గుర్తూ పెట్టకపోతే, బాక్సు కొలతలతో వచ్చే అసలు ఆకారానికి బయటికి 0.25, లోపలికి 0.25 అని అర్థం. ఆ మొత్తం 0.5 నీ ఇష్టం వచ్చిన వైపు వాడుకోవడానికి లేదు. రోడ్డు మీద ఎడ్లబండి పోతోంది అనుకో. బండి వెడల్పు రోడ్డు వెడల్పు కంటే తక్కువే, కానీ ఒక చక్రం రోడ్డు దిగి కాలవలో ఉంటే బండి సన్నగా ఉంది కదా అని ఎవరైనా ఒప్పుకుంటారా? నీ 0.31 ఆ బండి వెడల్పు. రోడ్డు -0.25 నుంచి +0.25. నీ ఎడమ చక్రం 0.26 దగ్గర ఉంది, పది మైక్రాన్లు దిగిపోయింది. పది మైక్రాన్లే కదా అనిపించొచ్చు, కానీ 0.31 అని చూసి ఇంకా 0.19 చేతిలో ఉంది అనుకున్నావు చూడు, అసలు ప్రమాదం అక్కడుంది. +0.40 ఒకవైపు, +0.10 ఇంకోవైపు వచ్చినా ఆ లెక్కలో 0.30 అనే పడుతుంది, హాయిగా పాస్ కొట్టేస్తావు.

ఇప్పుడు నీ నంబర్లలోనే ఇంకో కథ ఉంది, జాగ్రత్తగా చూడు. ప్లస్ అంటే మెటీరియల్ ఎక్కువ ఉంది, మైనస్ అంటే తక్కువ ఉంది. ఎడమ +0.26, కుడి -0.05. రెండూ కలిపి సగం చేస్తే 0.105. రెండింటి తేడాలో సగం 0.155. అంటే ఏమైందంటే నీ పీసు చుట్టూరా 0.105 లావుగా ఉంది, దానికి తోడు ఆకారం మొత్తం డొవెల్ హోలుతో పోలిస్తే ఎడమవైపుకి 0.155 జరిగిపోయింది. నిజమో కాదో పైన కింద పెట్టి చూడు, +0.12, +0.09, కలిపి సగం చేస్తే మళ్ళీ 0.105 వచ్చింది, తేడాలో సగం 0.015, అంటే ఆ దిక్కు జరగలేదు. రెండు దిక్కుల్లోనూ లావు ఒకటే వచ్చిందంటే అది కట్టర్ వల్ల వచ్చింది. ఒక్క దిక్కునే జరిగిందంటే అది సెట్టింగ్ వల్ల వచ్చింది. రెండు వేరు వేరు రోగాలు, మందులు కూడా వేరే.

ఇంతకీ ప్రొఫైల్ చేసేటప్పుడు జాబ్‌ని దేనికి ఆనించి పట్టుకున్నావు?

బాలానగర్_వీఎంసీ:

అన్నా ఇలా విడదీయొచ్చని నాకు అసలు తట్టలేదు. మొదటి సెట్టింగ్‌లో వైస్‌లో పట్టుకుని ఫేసింగ్, హోలు, స్లాటు చేశాం. తర్వాత ఫిక్చర్ ప్లేట్ మీద పెట్టి పైనుంచి క్లాంప్ వేసి ప్రొఫైల్ తిప్పాం. రెండో సెట్టింగ్‌లో ఎడమవైపు ఒక స్టాపర్ పెట్టి ప్లేట్ ఎడ్జ్ దానికి ఆనించాం. డొవెల్ హోల్‌లో పిన్ ఏమీ పెట్టలేదు.

చెర్లపల్లి_ఫిట్టర్:

ఇదిగో ఇక్కడే దొరికింది బ్రో. డ్రాయింగ్‌లో బీ అని డొవెల్ హోలుకి రాసి ఇచ్చాడు, నువ్వేమో ప్లేట్ ఎడ్జ్‌ని బీ చేశావు. ఏ, బీ, సీ అని ఆ బాక్సులో రాసేది సీఎంఎం వాడి కోసమే అనుకుంటారు చాలామంది, కాదు, అది నీ ఫిక్చర్ ఎలా ఉండాలో చెప్పే మాట. కింద ఫేసు ఆనాలి, హోల్‌లో పిన్ పడాలి, స్లాట్‌లో ఇంకో పిన్ పడి తిరగకుండా ఆపాలి, అంతే, ఇంకేం ఆనకూడదు. నేను 17 ఏళ్ళుగా ఫిక్చర్లే చేస్తున్నా, డ్రాయింగ్ చేతికి రాగానే మొదట చూసేది ఆ మూడక్షరాలే.

మీరు చేసిన పీసులు పాడైపోలేదు, అది ముందు మీ ఓనర్‌కి చెప్పు. పిన్నుల ఫిక్చర్ చేసి, పిన్ను 8 హెచ్6 (ఇది చిన్న హెచ్) పెట్టుకో, హోలు ఎక్కువలో ఎక్కువ 8.015, పిన్ను తక్కువలో తక్కువ 7.991, అంటే ఎంత వదులున్నా 24 మైక్రాన్లే, నీకున్న 0.5 ముందు అది లెక్కలోకి రాదు. అదే ప్రోగ్రామ్ మళ్ళీ తిప్పు. ఎడమవైపు 0.26 తీస్తది, పైన కింద 0.1 తీస్తది, కుడివైపు ఇప్పటికే 0.05 తక్కువుంది కాబట్టి కట్టర్ గాల్లో తిరుగుతది. ఆఖరికి ఎక్కువ తప్పు ఆ -0.05 మాత్రమే మిగులుతది, రెండింతలు చేసినా 0.10. దర్జాగా పాస్.

రెండు జాగ్రత్తలు. కొత్త కట్టర్ పెట్టు, అంత పల్చటి కట్‌కి మొండి కట్టర్ పెడితే కోయదు, రుద్దుతది, అల్యూమినియం అంచుకి అంటుకుపోతది. రెండోది, కట్ మొదలై గాల్లోకి పోయే చోట సన్నటి గీత పడుద్ది, అది కస్టమర్‌కి ముందే చెప్పు, రీవర్క్ పర్మిషన్ మెయిల్‌లో తీసుకో. నోటి మాట మీద చేయొద్దు.

స్టుట్‌గార్ట్_తెలుగు:

మంచి చర్చ. నేను జర్మనీలో ఒక కంపెనీలో మెట్రాలజీ వైపు ఉన్నా, ఒకటి రెండు కలుపుతా.

మొదటిది, బెస్ట్ ఫిట్ (కొలిచిన పాయింట్లని అసలు ఆకారం మీద బాగా కుదిరేలా సాఫ్ట్‌వేర్ జరిపేయడం) గురించి ఎవరూ అనలేదు. మీ ల్యాబ్ వాళ్ళు డేటమ్ అలైన్‌మెంట్‌తోనే కొలిచారు, అందుకే రెండు రిపోర్టుల్లో మాక్స్ మిన్ కలిశాయి, దానికి సంతోషించాలి. చాలాచోట్ల ఆపరేటర్ పాయింట్లు తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో బెస్ట్ ఫిట్ నొక్కేస్తాడు. అలా నొక్కితే మీ పీసు ఎడమకి జరిగిన 0.155 మొత్తం మాయమైపోయి, చుట్టూరా లావు 0.105 ఒక్కటే మిగిలి, రిపోర్ట్‌లో 0.21 వస్తుంది. ఒకే పీసుకి 0.21, 0.31, 0.52, మూడు నంబర్లు! ఫ్రేమ్‌లో ఏ బీ సీ ఉంటే ఆకారం సరిగ్గా ఉంటే చాలదు, ఆ డేటమ్స్‌కి సరైన చోట ఉండాలి. డేటమ్ ఏమీ రాయకుండా ప్రొఫైల్ ఒక్కటే ఇచ్చినప్పుడు మాత్రమే జోన్‌ని పీసుతో పాటు జరుపుకుంటూ పోవచ్చు. కాబట్టి ల్యాబ్‌కి పంపేటప్పుడు డ్రాయింగ్ కాపీతో పాటు అలైన్‌మెంట్ ఏ బీ సీ తోనే చేయాలి, బెస్ట్ ఫిట్ వద్దు, పాయింట్ డీవియేషన్లు ఇవ్వాలి అని కాగితం మీద రాసి పంపండి.

రెండోది, మీకు రేపు యూరప్ డ్రాయింగ్స్ వస్తే అక్కడ ఏఎస్ఎంఈ ఉండదు, ఐఎస్ఓ 1101 ఉంటుంది, ప్రొఫైల్‌కి విడిగా ఐఎస్ఓ 1660 ఉంది, రెండూ 2017 ఎడిషన్లు. రెండింటి మధ్య మామూలు జోన్ ఒకటే, సగం బయట సగం లోపల. కానీ జోన్‌ని ఒకవైపుకి నెట్టాలంటే ఏఎస్ఎంఈలో వృత్తంలో యు పెడతారు, ఐఎస్ఓలో యుజెడ్ అని రాస్తారు, పక్కన వచ్చే నంబర్ అర్థం రెండింట్లో వేరు. ఏఎస్ఎంఈలో 0.5 యు 0.1 అంటే మెటీరియల్ బయటికి 0.1, లోపలికి 0.4. ఐఎస్ఓలో యుజెడ్ తర్వాత నంబర్ జోన్ మధ్యగీత ఎంత జరిగిందో చెబుతుంది, ప్లస్ అయితే బయటికి, మైనస్ అయితే లోపలికి. అదే జోన్ అక్కడ రాయాలంటే 0.5 యుజెడ్ -0.15 అని రాయాలి. ఈ రెండూ కలగలిపేసి టూల్ పాత్ రాసినవాళ్ళని చూశాను. ఇలాంటి డ్రాయింగ్ వస్తే ప్రోగ్రామ్‌ని అసలు ఆకారం మీద కాకుండా జోన్ మధ్యలో, అంటే 0.15 లోపలికి పెట్టుకుని చేయండి, రెండువైపులా సమానంగా చోటు ఉంటుంది.

ఇంకోటి, పదునైన మూలల దగ్గర ఏఎస్ఎంఈ జోన్ బయటి గీతలు రెండూ కలిసే దాకా పోతుంది, ఐఎస్ఓలో అక్కడ గుండ్రంగా తిరుగుతుంది. మీ బ్రాకెట్‌లో అన్నీ టాంజెంట్లే కాబట్టి మీకు ఇబ్బంది లేదు.

డిప్లొమా_ఫైనల్‌ఇయర్:

సార్ నాదొక బేసిక్ డౌట్, ఏమనుకోకండి. మాకు కాలేజీలో ఎస్‌పీ 46 (మన దేశపు డ్రాయింగ్ పుస్తకం) ప్రకారం డ్రాయింగ్ నేర్పారు, ప్లస్ ఆర్ మైనస్ అన్నీ బాగానే అర్థమైనాయి. ఈ బ్రాకెట్‌కి రేడియస్ 40 ప్లస్ ఆర్ మైనస్ 0.25, సెంటర్ దూరం ప్లస్ ఆర్ మైనస్ 0.25 అని రాస్తే సరిపోయేది కదా, అందరికీ తెలిసేది, ఎందుకు ఇంత కష్టం? అలాగే బాక్సులో ఉన్న కొలతకి టైటిల్ బ్లాక్‌లో ఉన్న జనరల్ టాలరెన్స్ వర్తించదా?

డ్రాయింగ్‌బోర్డ్:

ఏమనుకోవడం ఏముంది తమ్ముడూ, అందరం అక్కడినుంచి వచ్చినవాళ్ళమే. నేను డిజైన్ వైపు, విశాఖలో మొదలుపెట్టి ఇప్పుడు పుణెలో ఉన్నా.

చిన్న డౌట్ ముందు. బాక్సు కొలతకి జనరల్ టాలరెన్స్ వర్తించదు. బాక్సు అంటే అది అసలు ఆకారాన్ని గీయడానికి ఇచ్చిన కచ్చితమైన నంబర్, తప్పొప్పుల లెక్క అంతా ప్రొఫైల్ ఫ్రేమ్‌లో ఉంది. బాక్సు కొలతని విడిగా కొలిచి రిపోర్ట్‌లో పాస్ ఫెయిల్ రాయడం కూడా తప్పే, చాలా ఇన్‌స్పెక్షన్ రిపోర్టుల్లో రాస్తూనే ఉంటారు.

ఇక నువ్వు చెప్పినట్టు ప్లస్ ఆర్ మైనస్ రాస్తే ఏమవుద్దో చూడు. సెంటర్ అడ్డంగా 0.25, నిలువుగా 0.25 జరగొచ్చు అన్నావు, ఐమూలగా లెక్కేస్తే 0.35 జరిగింది. దానిమీద రేడియస్ ఇంకో 0.25 పెరగొచ్చు. మొత్తం ఆ మూలలో ఉపరితలం 0.60 బయటికి వచ్చినా నీ డ్రాయింగ్ ప్రకారం అది మంచి పీసే. పక్కన కూర్చునే పార్టుకి మధ్యలో గ్యాప్ 0.4 పెట్టుకున్న డిజైనర్ గతి ఏంటి? సరే సెంటర్ సంగతి వదిలెయ్, ఇందులో ఆర్కు 60 డిగ్రీలే ఉందనుకో, అంత చిన్న ముక్క పట్టుకుని సెంటర్ ఎక్కడుందో ఎలా కొలుస్తావు? పాయింట్లలో ఐదు మైక్రాన్లు కదిలితే సెంటర్ అంతకి ఎన్నో రెట్లు కదులుతుంది, ఇద్దరు కొలిస్తే రెండు జవాబులు. టాంజెంట్ లైన్లకైతే ఏం కొలత ఇస్తావు, అది రెండు ఆర్కుల మీద ఆధారపడి వచ్చేది. ప్రొఫైల్‌లో ఈ గొడవలేమీ లేవు, ఉపరితలం మీద ప్రతి పాయింటు అసలు ఆకారం నుంచి ఎంత దూరంలో ఉంది అన్న ఒకే ప్రశ్న. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో అందరికంటే నిజాయితీగా మాట్లాడే గుర్తు ఇదేనని నా అభిప్రాయం, ఒకసారి అలవాటైతే ప్లస్ ఆర్ మైనస్‌కి వెనక్కి పోబుద్ధి కాదు. ఐఎస్ఓ వాళ్ళు కూడా పాత 2768 రెండో భాగం తీసేసి 2021లో 22081 తెచ్చారు, అందులో జనరల్ జియోమెట్రికల్ టాలరెన్స్ అంటే ప్రొఫైలే.

కానీ డిజైనర్‌గా మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. చుట్టూ సున్నా పెట్టి మొత్తం ఆకారానికి 0.5 ఏ బీ సీ అని ఒక్క గీతతో కొట్టేయడం తేలిక, అసలు ఎక్కడ ఎంత కావాలో కూర్చుని ఆలోచించడం కష్టం. ఈ బ్రాకెట్ ఎక్కడ కూర్చుంటుందో తెలియదు కానీ, ఒకవేళ ఆకారం నున్నగా కచ్చితంగా ఉండాలి, చోటు కాస్త అటూ ఇటూ అయినా పర్లేదు అనుకుంటే దానికి కాంపోజిట్ ప్రొఫైల్ ఉంది. ఒకే సింబల్ పక్కన పైన కింద రెండు వరసలు, పైన 1.0 ఏ బీ సీ, కింద 0.3 ఏ. పై వరస ఎక్కడుండాలో చెబుతుంది, కింది వరస సైజు, ఆకారం, ఏ కి నిటారుగా ఉండటం చూసుకుంటుంది, కింది జోన్ పీసు ఎక్కడుంటే అక్కడికి జరుగుతుంది. అలా ఇచ్చి ఉంటే ఈ పీసు పై వరసలో 0.52, కింది వరసలో జరిగింది పోతుంది కాబట్టి సుమారు 0.21, రెండూ పాస్ అయ్యేవి. ఫంక్షన్‌కి ఏ గొడవా లేకుండా ఉంటే కస్టమర్ డిజైన్ టీమ్‌ని ఈ ప్రశ్న అడగొచ్చు, అడగడంలో తప్పు లేదు. అడిగేదాకా మాత్రం 0.5 అంటే 0.5.

నువ్వు పరీక్షకి కూడా గుర్తుపెట్టుకో, ప్రొఫైల్ నంబర్ పక్కన వృత్తంలో ఎమ్ రాదు, సైజుని బట్టి అదనంగా దొరికే బోనస్ టాలరెన్స్ అనేది దీనికి లేదు. డేటమ్ అక్షరం పక్కన రావొచ్చు.

జీడిమెట్ల_క్యూసీ:

నేనొకటి అడగొచ్చా. మాలాంటి చిన్న షాపులకి ప్రతి లాట్‌కీ ల్యాబ్ ఖర్చు భరించడం కష్టం. సీఎంఎం లేకుండా ప్రొఫైల్ చూసే దారి ఏమన్నా ఉందా, లేక డ్రాయింగ్‌లో ఈ సింబల్ కనపడగానే ఆర్డర్ వదిలేసుకోవాలా?

సర్ఫేస్‌ప్లేట్:

వదులుకోవద్దు. సీఎంఎం రాకముందు కూడా మనవాళ్ళు ప్రొఫైల్స్ కొలిచారు. ఈ బ్రాకెట్‌నే తీసుకో, ఏ ఫేసుని యాంగిల్ ప్లేట్‌కి ఆనించి, బీ హోల్‌లో పిన్, సీ స్లాట్‌లో పిన్ ఉన్న ఒక ప్లేట్ చేసుకుంటే డేటమ్స్ నీ చేతిలోకి వచ్చేసినట్టే. పిన్ పైభాగం నుంచి అంచు దాకా ఎంత రావాలో క్యాడ్‌లో లెక్కేసుకో, అంతకి స్లిప్ గేజీలు పేర్చి డయల్ జీరో చెయ్యి, తర్వాత జాబ్ మీద ఆడించు, డయల్ ప్లస్ 0.25 మైనస్ 0.25 మధ్యలో ఉంటే ఆ చోటు ఓకే. నాలుగు వైపులా తిప్పి అలా ఎనిమిది పది చోట్ల చూడొచ్చు. ఆర్కుల మీద అయితే డయల్ మొన ఆ చోట ఉపరితలానికి నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి, ఏటవాలుగా పెడితే ఎక్కువ చూపిస్తుంది, అక్కడే కుర్రాళ్ళు పొరబడతారు. ఇంకో దారి, వైర్ కట్‌లో టెంప్లేట్ కోయించుకుని ఫీలర్ గేజ్‌తో చూడటం, ఆకారం బయటికి ఒక నిర్ణీత గ్యాప్, 2 మిల్లీమీటర్లు అనుకో, పెట్టి కోయిస్తే గ్యాప్ 1.75 నుంచి 2.25 మధ్య ఉంటే పాస్. పల్చటి షీట్ పార్టులకైతే ప్రొఫైల్ ప్రొజెక్టర్ చాలు, 12 మిల్లీమీటర్ల మందం మీద అది నీడనే చూపిస్తుంది, అంచు వాలిపోయి ఉంటే దొరకదు.

ఇవి లాట్‌లో ప్రతి పీసుకీ చేసుకో, ల్యాబ్‌కి మొదటిది, మధ్యది, ఆఖరిది పంపు. ల్యాబ్ నుంచి వచ్చిన డీవియేషన్లు నీ డయల్ రీడింగ్‌తో కలిశాయో లేదో పక్కపక్కన రాసుకుంటే పది లాట్లకి నీ ఫిక్చర్ మీద నీకే నమ్మకం కుదురుతుంది.

ఇంకో మాట, అనోడైజింగ్ మర్చిపోవద్దు. హార్డ్ అనోడైజ్ 50 మైక్రాన్లు వేస్తే దాదాపు సగం బయటికి పెరుగుతుంది, అంటే ప్రతి ఉపరితలం 25 మైక్రాన్లు ముందుకొస్తుంది. డ్రాయింగ్‌లో కొలతలు కోటింగ్ తర్వాత అని రాసుంటే మెషీనింగ్‌లో +0.23 మీద ఆపి పాస్ అనుకున్న పీసు అనోడైజ్ నుంచి వచ్చేసరికి ఫెయిల్. డొవెల్ హోల్ మాస్కింగ్ చేయమని కూడా రాయి, లేకపోతే బీ నే చిన్నదైపోతుంది.

బాలానగర్_వీఎంసీ:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ చాలా థాంక్స్. జరిగింది రాస్తా, ఇంకెవరికైనా పనికొస్తది.

సర్ఫేస్‌ప్లేట్ అన్న 0.105 కట్టర్ వల్ల అన్నారు కదా, ఆ రాత్రే టూల్ క్రిబ్‌లోకి పోయి ఆ ఎండ్‌మిల్ తీసి మైక్రోమీటర్‌తో కొలిచా. 9.79. అది రీషార్పెన్ చేసి వచ్చిన కట్టర్, మా వాళ్ళు ఆఫ్‌సెట్ పేజీలో (కంట్రోలర్‌లో కట్టర్ సైజు ఎక్కించే చోట) మాత్రం 10.00 అనే ఉంచేశారు. 0.21 తేడా, సగం చేస్తే సరిగ్గా 0.105. కాగితం మీద నాలుగు నంబర్లు చూసి మీరు చెప్పిన మాట మెషీన్ దగ్గర అచ్చంగా అలాగే దొరికేసరికి నాకు చేతులు వణికాయి. ఇప్పటినుంచి రీషార్పెన్ అయి వచ్చిన ప్రతి కట్టర్ డబ్బా మీద కొలిచిన డయా మార్కర్‌తో రాస్తున్నాం, ఆఫ్‌సెట్‌లో ఆ నంబరే ఎక్కిస్తున్నాం. మా కంట్రోలర్‌లో రేడియస్ ఎక్కించాలి, 4.895. పక్క మెషీన్‌లో డయా ఎక్కించాలి, దాని మీద స్టిక్కర్ అంటించా, రెండూ ఒకరే ఆపరేట్ చేస్తారు కాబట్టి.

ఓనర్‌కి ఎడ్లబండి లెక్క చెప్పా, ఒక్కసారిలో అర్థమైంది, గొడవ మాట మళ్ళీ ఎత్తలేదు. కస్టమర్ క్వాలిటీ మేడమ్‌కి ఫోన్ చేసి మా రిపోర్ట్ తప్పుగా చదివామని ఉన్నదున్నట్టు చెప్పి, రెండు కారణాలూ రాసి మెయిల్ పెట్టాం, రీవర్క్‌కి పర్మిషన్ అదే రోజు వచ్చింది. కట్ మొదలయ్యే చోట గీత పడుతుందని కూడా రాశాం, అది లోపలికి పోయే వైపే కాబట్టి పర్లేదన్నారు.

పిన్నుల ఫిక్చర్ ఒక రోజులో చేశాం. రీవర్క్ చేసిన మొదటి పీసు మాక్స్ +0.02, మిన్ -0.06, ల్యాబ్ వాళ్ళని రెండింతల లెక్కలోనే రాయమన్నాం, 0.12 అని ఇచ్చారు. 40లో 39 అయిపోయాయి, ఒకటి మాత్రం పీసు కింద చిప్ ఉండిపోయి ఏ ఫేసు లేచింది, అది మా తప్పే, పక్కన పెట్టేశాం.

తర్వాతి లాట్ 60 పీసులు ఈ ఫిక్చర్ మీదే మొదలుపెడుతున్నాం. చెర్లపల్లి అన్నా, స్లాట్‌లో పిన్ను గుండ్రంది పెట్టా, రెండు పక్కలా చదును చేసినది పెట్టాలా? ఎక్కించేటప్పుడు కొంచెం బిగుతుగా పట్టుకుంటోంది.

చెర్లపల్లి_ఫిట్టర్:

స్లాటే కదా, పొడుగు దిక్కున దానికి చోటుంది, గుండ్రంది చాలు. చదును చేసిన పిన్ను కావాల్సింది రెండోది కూడా హోలు అయినప్పుడు. బిగుతు ఎందుకంటే పిన్ను నిటారుగా లేదేమో, స్క్వేర్ పెట్టి చూడు. అది బాగానే ఉంటే పిన్ను మొనకి 15 డిగ్రీల చాంఫర్ పెట్టి, పొడుగు తగ్గించు, 12 మిల్లీమీటర్ల ప్లేట్‌కి 6 లోపలికి పోతే సరిపోద్ది. ఫిక్చర్ ప్లేట్‌లో పిన్నుల పక్కన చిప్స్ పోవడానికి చిన్న గాడి తవ్వు, ఆ నలభయ్యో పీసు కథ మళ్ళీ రాదు.